బడికి పంతులు కరువు – పంతులుకు అప్పు బరువు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: ఊళ్ళో బడి ఉంది. బళ్ళో పిల్లలున్నారు. పాఠం చెప్పే పంతుళ్ళు మాత్రం చాలడం లేదు. అదే ఊళ్ళో పంతులు చదువు చదువుకున్న యువతీ యువకులున్నారు. వారికి బడి దొరకడం లేదు. పైగా ఆ చదువుకోసం చేసిన అప్పు నెత్తిన కూర్చుంది. ఒక ఇంట్లో పిల్లవాడికి ఎక్కాలు చెప్పేవారు లేరు. పక్కింట్లో ఎక్కాలు చెప్పగలిగిన అమ్మాయి చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పూర్వపు కరీంనగర్ జిల్లా పల్లెల్లో ఈ రెండు బాధలూ ఒకే వీధిలో కాపురముంటున్నా, వాటిని కలిపి చూసే నాథుడు కనిపించడం లేదు.

2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లాను విడదీసి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, పెద్దపల్లి జిల్లాలను ఏర్పాటు చేసిన సంగతి తెలిసిందే. జిల్లా కార్యాలయాలు దగ్గరికి వచ్చాయి. కలెక్టరును కలవడానికి కరీంనగర్ దాకా బస్సెక్కే బాధ తప్పింది. కాని బళ్ళో పంతులు కుర్చీ నిండటానికి జిల్లా చిన్నదైతే సరిపోదని ఈ కొద్ది సంవత్సరాల అనుభవం చెబుతోంది.

ఒక్క పంతులు – అయిదు తరగతులు

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. అరవై దాటి తొంభై వరకు ముగ్గురు, నూట ఇరవై వరకు నలుగురు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు లెక్కలు–సైన్సుకు ఒకరు, సాంఘికశాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరి. మంజూరైన పోస్టుల్లో నూటికి పదికి మించి ఖాళీలు ఉండరాదని కూడా ఆ చట్టమే చెప్పింది.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కూడా కాదు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత 1987లో మొదలైన ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ పథకం ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి, ఏకోపాధ్యాయ పాఠశాలలన్నిటికీ రెండో పంతులును ఇవ్వడం. నాడు ఆ బడుల్లో అఆలు దిద్దినవారు నేడు తాతలవుతున్నారు. రెండో పంతులుకోసం వారి మనవలు ఎదురుచూస్తున్నారు.

ఒక్క పంతులున్న బడి అంటే ఏమిటో పట్నంవాసులకు విడమరిచి చెప్పాలేమోగాని పల్లెవాసులకు చెప్పనక్కరలేదు. ఒకటో తరగతి పిల్లలు పలకల మీద దిద్దుతుంటే, అయిదో తరగతి పిల్లలు భిన్నాల లెక్క అర్థంకాక పంతులు వంక చూస్తుంటారు. హాజరు పట్టీ, మధ్యాహ్న భోజనం లెక్క, గుడ్ల లెక్క, సెల్‌ఫోన్‌లో పంపవలసిన వివరాలు అన్నీ ఆ ఒక్కరి బాధ్యతే. మండల కేంద్రంలో సమావేశం ఉన్నా, ఒంట్లో బాగులేకపోయినా బడికి తాళమే గతి. లేదా పక్క ఊరి పంతులు ఆ పూట ఇక్కడికి రావాలి. దీనికి ‘వర్క్ అడ్జస్ట్‌మెంటు’ అని పేరు. ఒక గుంత పూడ్చడానికి మరో గుంత తవ్వడమే దీని సారాంశం.

జగిత్యాల జిల్లాలో అడవి అంచున ఉన్న బీర్‌పూర్, సారంగాపూర్ మండలాలకూ, సిరిసిల్ల జిల్లాలోని రుద్రంగి, వీర్నపల్లి మండలాల తండాలకూ వెళ్ళడానికి సాధారణంగా ఎవరూ ముందుకు రారు. బస్సు సౌకర్యం, అద్దె ఇల్లు, సొంత పిల్లల చదువు చూసుకునే ఏ ఉద్యోగి అయినా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల చుట్టుపక్కల పోస్టు కోరుకోవడం సహజం. ఇది పంతుళ్ళ తప్పు కాదు. మారుమూల బడిలో ఉండిపోయేవారికి ప్రత్యేకంగా దక్కేది ఏమీ లేకపోవడమే అసలు లోపం.

పాయింట్లు ఊరు విడిచేందుకే

మారుమూల బడిలో పనిచేసినందుకు బదిలీల సమయంలో ఎక్కువ పాయింట్లు వస్తాయి. వినడానికి బాగానే ఉంది. కాని ఆ పాయింట్లు దేనికి పనికివస్తాయి? మంచి రోడ్డున్న ఊరికి వెళ్ళడానికి. అంటే మారుమూల ఊళ్ళో చేసిన సేవకు ప్రభుత్వం ఇచ్చే బహుమానం, ఆ ఊరు వదిలిపోయే టిక్కెట్టు. ఉండిపోయేందుకు ప్రోత్సాహం లేదు, వెళ్ళిపోయేందుకే ఉంది.

ఖాళీలు ఏర్పడే మార్గాలు ఇంకా ఉన్నాయి. ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటు పోస్టుల్లో నూటికి డెబ్బయి పదోన్నతుల ద్వారా, ముప్పయి నేరుగా నింపడం పద్ధతి. సెకండరీ గ్రేడు పంతులు పదోన్నతిపై ఉన్నత పాఠశాలకు వెళితే అక్కడ కుర్చీ నిండుతుంది, కింద ప్రాథమిక పాఠశాలలో కుర్చీ ఖాళీ అవుతుంది. 2024 వేసవిలో పెద్దఎత్తున పదోన్నతులు, బదిలీలు జరిగినప్పుడు చాలా పల్లెలకు ఇది అనుభవంలోకి వచ్చింది.

పదవీ విరమణల కథ మరొకటి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుంచి 61 ఏళ్ళకు పెంచడంతో మూడు సంవత్సరాలపాటు విరమణలు దాదాపు ఆగిపోయాయి. 2024 మార్చి నెలాఖరు నుంచి అవి మళ్ళీ మొదలయ్యాయి. ఆగిన నీళ్ళు గండి పడగానే ఒక్కసారిగా పారినట్లు, అనుభవజ్ఞులైన పంతుళ్ళు ఒకరి వెనుక ఒకరు ఇంటిదారి పడుతున్నారు.

ఇదిలా ఉండగా 2021 డిసెంబరులో వెలువడిన 317 నంబరు ఉత్తర్వు ప్రకారం పాత జిల్లా ఉపాధ్యాయులను సీనియారిటీ ప్రాతిపదికన కొత్త జిల్లాలకు కేటాయించారు. ఎన్నో ఏళ్ళుగా ఒకే ప్రాంతంలో పనిచేసినవారు మరో జిల్లాకు పోవలసివచ్చింది. భార్యాభర్తలు చెరొక జిల్లాకు పడిన సందర్భాలపై రాష్ట్రమంతటా ఆందోళనలు జరిగిన విషయం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. స్థానికత లెక్కలు మారడంతో జగిత్యాల బాసర జోనులోకి, సిరిసిల్ల రాజన్న జోనులోకి చేరాయి. ఒకనాడు ఒకే జిల్లాగా పోస్టులకు పోటీపడిన ఈ ప్రాంతాల అభ్యర్థులు నేడు ఎవరి జిల్లాలో వారు ఖాళీల కోసం ఎదురుచూడవలసిందే.

నోటిఫికేషను ఏళ్ళకొకసారి – వడ్డీ నెలనెలా

ఇక చదువుకున్నవారి గోడు. ఉమ్మడి రాష్ట్రంలో చివరి డి.ఎస్.సి. 2012లో వచ్చింది. తెలంగాణ ఏర్పడిన తర్వాత ఉపాధ్యాయ నియామకాలకు మొదటి ప్రకటన 2017 అక్టోబరులో, 8,792 పోస్టులకు వెలువడింది. ఆ తర్వాత 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు ప్రకటన వచ్చినా పరీక్ష జరగలేదు, అది రద్దయింది. 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చింది. జులై 18 నుంచి ఆగస్టు 5 వరకు పరీక్షలు జరిగి, అక్టోబరు 9న పదివేల మందికి పైగా నియామక పత్రాలు అందుకున్నారు. అంటే ఒక విత్తనం వేసి పంట చేతికి రావడానికి పంతులు చదువు చదివినవారు అయిదేళ్ళు, ఆరేళ్ళు ఆగవలసి వస్తోందన్నమాట.

బి.ఎడ్. కోర్సు 2015–16 నుంచి రెండేళ్ళయింది. 2016లో చేరిన విద్యార్థి 2018లో బయటికి వచ్చి ఉంటాడు. బ్యాంకు నుంచి విద్యారుణం తీసుకున్నవారికి సాధారణంగా చదువు కాలం, ఆపైన ఒక ఏడాది వరకే వాయిదాల గడువు. అంటే 2019 నుంచి కిస్తీలు కట్టాలి. ఉద్యోగ ప్రకటన వచ్చింది 2024లో. మధ్య అయిదేళ్ళ కిస్తీలు ఎక్కడి నుంచి రావాలి?

నాలుగు లక్షల రూపాయల వరకు విద్యారుణానికి ఆస్తి తాకట్టు అక్కరలేదన్నది నిబంధన. కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే గడువు కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం కూడా 2009–10 నుంచి ఉంది. కాని అది గుర్తింపు పొందిన వృత్తివిద్యా కోర్సులకు, అందులోనూ నాణ్యతా ముద్ర ఉన్న కళాశాలల్లో చదివేవారికి వర్తిస్తుంది. గడువు తీరిన తర్వాత వడ్డీ, అసలు రెండూ విద్యార్థి మెడకే. పంతులు పోస్టు వచ్చిందా, రాలేదా అన్న ప్రశ్న ఏ బ్యాంకు పుస్తకంలోనూ ఉండదు.

పల్లెల్లో చాలామంది బ్యాంకు గడప తొక్కకుండానే అప్పు చేస్తారన్నది అందరికీ తెలిసిన సంగతే. మహిళా సంఘం అప్పు, చిట్టీ పాట, ఊరి ఆసామి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీ, ఇవే ఆధారం. ఒక లెక్క చూడండి. లక్ష రూపాయలు నూటికి రెండు చొప్పున తీసుకుంటే నెలకు రెండువేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు వడ్డీ. ఆరేళ్ళు నోటిఫికేషను కోసం కూర్చుంటే వడ్డీ ఒక్కటే లక్షా నలభై నాలుగు వేలు. అసలు అలాగే ఉంటుంది. తల్లి చుట్టే బీడీలు, తండ్రి సాంచాల మీద చేసే రాత్రి పని, అన్న దుబాయి నుంచి పంపే సొమ్ము ఈ వడ్డీకే హారతి కర్పూరమవుతున్నాయి.

దీనికి తోడు మరో చిక్కు. 2008లో ప్రారంభమైన ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం పేద విద్యార్థులకు ఎంతో మేలు చేసిందనడంలో సందేహం లేదు. అయితే ప్రభుత్వం నుంచి కళాశాలలకు బకాయిలు పేరుకుపోవడంతో, ఆ ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని విద్యార్థులను నిలదీసే సందర్భాలు వస్తున్నాయి. బకాయిల కోసం 2025 నవంబరులో రాష్ట్రంలోని ప్రైవేటు కళాశాలలు బంద్ కూడా పాటించాయి. సర్టిఫికెటు చేతిలో లేనివాడికి డి.ఎస్.సి. వచ్చినా రాకపోయినా ఒకటే.

బి.ఎడ్. చదివినవారికి దారి ఇంకా ఇరుకైంది. ప్రాథమిక తరగతుల పోస్టులకు డి.ఎడ్. చదివినవారే అర్హులని, బి.ఎడ్. వారు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు చెప్పింది. చిన్న పిల్లలకు పాఠం చెప్పే శిక్షణ వేరు, పెద్ద పిల్లలకు చెప్పే శిక్షణ వేరు అన్నది న్యాయమైన మాటే. కాని 2024 నాటి 11,062 పోస్టుల్లో 6,508 సెకండరీ గ్రేడువి కాగా, స్కూల్ అసిస్టెంటు పోస్టులు 2,629 మాత్రమే. ఏళ్ళ తరబడి బి.ఎడ్. కళాశాలల్లో చేరినవారి ముందు తలుపు ఎంత సన్నగా తెరుచుకుందో ఈ అంకెలే చెబుతున్నాయి.

చౌక పంతుళ్ళ చరిత్ర

పంతుళ్ళ కొరత వచ్చినప్పుడల్లా ప్రభుత్వాలు వెతికిన మార్గం ఒక్కటే: తక్కువ జీతానికి మనుషులను తేవడం. 1980 దశకంలో నెలకు 398 రూపాయలకు ‘స్పెషల్ టీచర్ల’ను నియమించారు. వారిని నేటికీ ‘398 టీచర్లు’ అనే పిలుస్తారు. ఆ తర్వాత అప్రెంటిస్ పద్ధతి వచ్చింది. ఆపైన విద్యా వలంటీర్లు వచ్చారు. తెలంగాణలో వీరికి చివరకు నెలకు పన్నెండువేల రూపాయలు ఇచ్చేవారు. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాక వారిని తిరిగి తీసుకోలేదు. ఎందరో మారుమూల బడులను నడిపించిన ఈ యువకులు ఒక్క ఉత్తర్వు కూడా లేకుండా ఇళ్ళకు చేరారు. కొందరు ఉపాధిహామీ పనులకు, కొందరు కూరగాయల బండ్లకు మళ్ళిన వార్తలు ఆనాటి పత్రికల్లో వచ్చాయి.

ఈ పద్ధతులన్నిటిలో లోపం ఒకటే. బడికి మనిషి దొరికాడు, మనిషికి భరోసా దొరకలేదు. భరోసా లేనివాడు నేడు కాకపోతే రేపు వెళ్ళిపోతాడు.

మన దేశంలోనే ఉండేది ఆ పద్ధతి

చదువుకోసం చేసిన అప్పును పంతులు ఉద్యోగంతో తీర్చుకునే ఏర్పాటు ఈ దేశానికి కొత్తది కాదు. 1963లో కేంద్రప్రభుత్వం జాతీయ రుణ ఉపకారవేతన పథకాన్ని ప్రారంభించింది. ప్రతిభ ఉండి డబ్బులేని విద్యార్థులకు వడ్డీలేని అప్పు ఇచ్చేవారు. చదువు ముగిశాక వాయిదాల్లో కట్టుకోవాలి. అయితే ఆ విద్యార్థి పంతులు వృత్తిలో చేరితే, పనిచేసిన ప్రతి ఏడాదికీ అప్పులో పదోవంతు కొట్టివేసేవారు. సైన్యంలో చేరినవారికీ ఇదే సౌకర్యం ఉండేది. పదేళ్ళు పాఠం చెబితే పూర్తిగా రుణవిముక్తి. దేశానికి సైనికుడు ఎంత అవసరమో పంతులు అంత అవసరమని ఒప్పుకున్న పథకమది. 1990లు వచ్చేసరికి అది ఆగిపోయింది. తర్వాత వచ్చిన బ్యాంకు రుణాల పద్ధతిలో ఈ పదోవంతు మాటకు చోటు దక్కలేదు.

బయటి దేశాల్లోనూ ఇలాంటిదే ఉంది. 1957లో రష్యా స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పంపగానే, తమ బడుల్లో లెక్కలు, సైన్సు చెప్పేవారు చాలరని అమెరికా ఉలిక్కిపడింది. 1958లో చేసిన చట్టం ద్వారా విద్యార్థులకు అప్పులిచ్చి, వారు ప్రభుత్వ బడుల్లో పంతుళ్ళుగా చేరితే ఏడాదికి పదోవంతు చొప్పున సగం వరకు రద్దుచేసింది. నేటికీ అక్కడ పేదపిల్లల బడుల్లో వరుసగా అయిదేళ్ళు పనిచేసినవారికి అయిదువేల డాలర్ల వరకు, ఉన్నత పాఠశాలల్లో లెక్కలు, సైన్సు చెప్పేవారికీ, ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధించేవారికీ పదిహేడున్నర వేల డాలర్ల వరకు చదువు అప్పు మాఫీ అవుతుంది. ఇందులో గమనించవలసిన మాట ‘వరుసగా అయిదేళ్ళు’. పేదపిల్లల బడుల్లో నిలబడితేనే మాఫీ.

ఇక్కడ అమలు చేస్తే

అలాంటి ఏర్పాటు జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలకు పనికివస్తుందా అంటే, కొన్ని జాగ్రత్తలతో తప్పక పనికివస్తుంది.

మొదటిది, పోస్టులు క్రమం తప్పకుండా నింపాలి. ఉద్యోగమే లేనివాడికి ఉద్యోగం చేస్తే అప్పు మాఫీ అని చెప్పడం, బావిలో నీళ్ళు లేకుండా చేద ఉచితంగా ఇచ్చినట్లు ఉంటుంది. ప్రకటన వెలువడే వరకు వడ్డీ పెరగకుండా ఆపగలిగితే సగం భారం అక్కడే తీరుతుంది.

రెండోది, మాఫీ అందరికీ కాక, పంతుళ్ళు దొరకని బడులకు, దొరకని సబ్జెక్టులకు పరిమితం కావాలి. తండాలో లెక్కలు చెప్పే పంతులుకూ, బస్టాండు పక్క బడిలో ఉన్న పంతులుకూ ఒకే సౌకర్యం ఇస్తే మళ్ళీ అందరి చూపూ బస్టాండు పక్కకే.

మూడోది, మాఫీ ఏటేటా జరగాలి. పదేళ్ళ తర్వాత ఒకేసారి ఇస్తామంటే నమ్మేవారుండరు. జూన్‌లో చేరిన పంతులు మళ్ళీ జూన్ వచ్చేసరికి తన పుస్తకంలో పదోవంతు తగ్గినట్లు కళ్ళారా చూడాలి. అప్పుడు రెండో ఏడూ ఉంటాడు.

నాలుగోది, బ్యాంకు అప్పు లేనివారి మాట. ఊరి అప్పును ప్రభుత్వం మాఫీ చేయలేదు. అటువంటివారికి మారుమూల సేవకు ఏటా కొంత మొత్తం నేరుగా చెల్లించవచ్చు. బకాయి ఫీజుల కారణంగా ఆగిన సర్టిఫికెట్లు ముందుగా విడిపించడం అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా తక్షణ అవసరం. అది దానం కూడా కాదు, ప్రభుత్వం బాకీపడిన సొమ్మే.

అప్పు చేయకుండా కష్టపడి చదివినవారికి అన్యాయం కాదా అన్న ప్రశ్న రావచ్చు. ఇది అప్పు చేసినందుకు ఇచ్చే బహుమానం కాదు, ఎవరూ వెళ్ళని బడికి వెళ్ళినందుకు ఇచ్చే ప్రతిఫలం. వెళ్ళేవారెవరైనా అందుకోవచ్చు.

ఖర్చు మాటకు వస్తే, బడికి పంతులు లేకపోవడం కూడా ఖర్చే. అది ప్రభుత్వ లెక్కల్లో కనబడదు, పల్లె ఇళ్ళలో కనబడుతుంది. పంతులు లేని బడి నుంచి పిల్లవాడిని తీసి వ్యాను ఎక్కించి పట్నం ప్రైవేటు బడికి పంపే తల్లి ఏటా ఫీజు కడుతుంది. అలా పిల్లలు తగ్గిన కొద్దీ ఆ బళ్ళో పోస్టులు తగ్గుతాయి. పోస్టులు తగ్గిన కొద్దీ మిగిలిన పిల్లలూ పోతారు. చివరకు మిగిలేది వ్యానెక్కే స్తోమత లేని ఇంటి పిల్లలే. బీడీలు చుట్టే ఇంట, సాంచాల మీద బతికే ఇంట, పసుపు చేలలో కూలికి పోయే ఇంట పుట్టినవారే.

విద్యాహక్కు చట్టంలో ఈ పిల్లలకు పంతులు రాసి ఉన్నాడు. ఆ పంతులు కాగలిగినవారు ఈ పల్లెల్లోనే పుట్టి పెరిగారు. ఒకనాడు దేశమంతటా అమలైన పదోవంతు నియమాన్ని మారుమూల మండలాల వరకైనా పునరుద్ధరించే విషయం ప్రజాప్రతినిధులు చట్టసభల్లో ప్రస్తావించవలసి ఉంది. ఆలోగా, ఏ బళ్ళో ఎన్ని పోస్టులు మంజూరయ్యాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో గ్రామస్తులు ప్రధానోపాధ్యాయుడిని, మండల విద్యాధికారిని అడిగి తెలుసుకోవచ్చు. నూటికి పది దాటిన ప్రతి ఖాళీ చట్టానికి విరుద్ధమే. ఆ మాట కాగితం మీద రాసి అడిగే హక్కు పిల్లవాడిని బడికి పంపే ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది.